విరిగిన మర

ఊరగాయలను గూర్చియు, పసిబిడ్డల పెంపకమును గూర్చియు వ్రాయదగిన యీ పుటలలో మోటారుసైకిలు మరను గూర్చి వ్రాయ బూనితినని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను నాకు కోపము లేదు. 2024 వ సంవత్సరపు వేసవిలో, చిటికెనవ్రేలి గోరంతయైన లేని యొక యినుపముక్క మా వరండాలో పదునొకండు దినములు నన్ను కుదురుగా కూర్చుండనీయలేదు. దాని సంగతి చెప్పవలెనన్న మా యింటి సంగతియు గొంత చెప్పక తీరదు.

మేము బందరు కాపురస్థులము. నేను పెడన దారిలోని యొక పల్లెబడిలో ఉపాధ్యాయినిని. మావారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పెడివారు. మా బండి హీరో హోండావారి సి.డి. 100. హీరోవారును, జపాను దేశపు హోండావారును 1984లో కలిసి కంపెనీ పెట్టి, మరుసటి యేట ఆ బండిని వెలువరించిరి. నాలుగు స్ట్రోకుల యింజను. కొంచెము పెట్రోలుతో చాల దూరము పోవును. 1991లో, మా వివాహమునకు మూడేండ్లు ముందు, మావారు తమ తొలి జీతములు కూడబెట్టి దానిని కొనిరి. "పెద్దకోడలు ముందే వచ్చింది, నువ్వు రెండోదానివి" అని మా అత్తగారు నన్ను బరిహసించెడివారు. ఆ కంపెనీలు రెండును 2010లో విడిపోవ నిశ్చయించుకొన్నవి. మా బండిమీద మాత్రము ఆ జంటపేరు ఇప్పటికిని చెరగలేదు.

ప్రతి ఆదివారమును తెల్లవారగనే మావారు బండిని వరండాలోనికి దెచ్చి, క్రింద పాత వార్తాపత్రికలు పరచి, ఒక్కొక్క నట్టును కిరసనాయిలులో కడిగి పళ్లెములో వరుసగా బేర్చెడివారు. ఆ పళ్లెము నా వంటింటిదే. దానిని గూర్చి ముప్పది యేండ్లు తగవులాడితిమి. గెలిచినది వారే.

2023 కార్తికమాసమున నొక వేకువజామున ఆ చేయి పడిపోయినది. మెదడునకు ఎడమవైపున రక్తము గడ్డకట్టినదని వైద్యులు చెప్పిరి. ఎడమవైపున దెబ్బతగిలిన కుడిచేయి, కుడికాలు, దానితోబాటు మాటయు బోవుట తరచు జరుగునట. మూడు నెలలకు కాలు కొంత దారికి వచ్చి, కర్ర యూతతో నడువగలిగిరి. చేయి మాత్రము ఒడిలో బెట్టిన వస్తువువలె అట్లే యుండిపోయెను. మాట సంగతి మరియు చిత్రము. తాము చెప్పవలసినది వారికి స్పష్టముగ దెలియును. మాటలోని మొదటి యక్షరము వెలికి వచ్చును. తక్కినది పెదవులకడ నిలిచిపోవును.

ఆసుపత్రిలో మాట నేర్పు నమ్మాయి నాకొక్క సంగతి గట్టిగ జెప్పినది: "ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగండి మేడమ్. మీరు అందించకండి." నేను తలయూపితిని. కాని యిల్లు ఆసుపత్రి కాదు గదా! పొయ్యిమీద పాలు పొంగుచుండును, బడికి వేళ మించుచుండును. వారు "కా" యనగనే "కాఫీయా?" యంటిని, "మం" యనగనే "మందు వేసుకున్నారుగా" యంటిని. నూటికి తొంబది మారులు నేనన్నదే సరియయ్యెడిది. అందులకు లోలోపల నాకు గర్వము గూడ నుండెను. మొదటి దినములలో నేను తప్పు చెప్పినప్పుడు వారు తల యడ్డముగ నూపెడివారు. పోను పోను, తప్పు చెప్పినను నిలువుననే యూపసాగిరి. అది నేను గమనింపలేదు. గమనించినను ఆగియుందునో లేదో, ఇప్పుడు చెప్పజాలను.

బండి నడుపుట నాకు 2004లో వారే నేర్పిరి. మంగినపూడి సముద్రతీరమునకు బోవు దారిలో, జనసంచారము లేని వేళలలో, చున్నీని నడుమునకు బిగించి కట్టి నేర్చుకొంటిని. నేర్చుకొన్న విద్య యంతవరకు నంతగా వాడలేదు. వారు పడినపిమ్మట ప్రతిదినము నక్కరకు వచ్చినది. మా పల్లెబడి వేళకును బస్సుల వేళకును పొంతన కుదురదు.

వేసవి సెలవులు ముగియుచుండగా బండి "ఫట్, ఫట్" మని యొక క్రొత్తధ్వని చేయసాగెను. వేగము తగ్గించినప్పుడు మరియు గట్టిగ చప్పుడగుచుండెను. ఇంజను ముందుభాగమున, సైలెన్సరు గొట్టము వచ్చి హెడ్డునకు దగులు చోట, నల్లని మసి పట్టినది. అచ్చట రెండు పొట్టి యినుపకడ్డీలు హెడ్డులోనికి మరలతో దిగియుండును. వానిని స్టడ్డులందురు. గొట్టపు రేకును ఆ రెంటికి దగిలించి, పైనుండి రెండు నట్లు బిగింతురు. నడుమ నొక ప్యాకింగు ఉంగరముండును. ఆ ఉంగరము కాలిపోయి పొగ ప్రక్కనుండి వెలువడుచున్నదని నాకు గూడ దెలిసినది. అంగడికి బోయి స్వల్పధరకే క్రొత్త ఉంగరము కొని తెచ్చితిని. రెండు నట్లు విప్పుట, రెండు నట్లు బిగించుట! ఇంతమాత్రమునకు మెకానిక్కు ఎందులకనుకొంటిని.

ఆదివారము. మావారు వరండాలో పడకకుర్చీలో గూర్చుండిరి. నేను వారి పెట్టెలోనుండి పది నంబరు పానా తీసికొని బండి ముందు చతికిలబడితిని. ఎట్లు చేయవలెనని వారిని నేనడుగలేదు. నెలల తరబడి ఏ విషయమునను అడిగినదానను గాను. ఆ దినము మాత్ర మెందు కడుగుదును? మొదటి నట్టు మొరాయించి కదలినది. రెండవదానికి పానా తగిలించుచుండగా వారు ఎడమచేయి యెత్తి, "వే… వే…" యనిరి.

"వేళ్లు జాగ్రత్త అంటారు, అంతేగా? అలాగేనండీ" అంటిని.

వారు తల యూపలేదు. మరల "వే…" యనిరి. నేను పానాను బలముగ ద్రిప్పితిని. అది తిరుగలేదు. రెండుచేతులతో బట్టి, పాదము గోడకానించి త్రిప్పితిని. అప్పుడది మెత్తగా, చపాతీపిండి నులిమినట్లు, కదలినది. వచ్చుచున్నదని సంతోషించితిని. ఈ పనిలో చేయి తిరిగినవారెవ్వరును ఆ మెత్తదనమునకు సంతోషింపరని తరువాత దెలిసికొంటిని. నట్టు వదలునప్పుడు "కిర్రు" మనును, ఇనుము తెగబోవునప్పుడు మెత్తబడును. మరుక్షణమున "టక్" మని చిన్న చప్పుడై, పానాతో గూడ నట్టు నా చేతిలోనికి వచ్చెను. నట్టులో స్టడ్డు ముక్క. హెడ్డులో తక్కిన ముక్క. వడ్లగింజ మందమున బయటికి గనబడుచున్నది.

మావారు కన్నులు మూసికొని కుర్చీలో వెనుకకు వ్రాలిరి. నాకు వారిమీదనే కోపము వచ్చినది. కోపమునకు హేతువేమని యడిగిన చెప్పలేను. ఆ పూట వారికి అన్నము పెట్టునప్పుడు గూడ నేను మాటలాడలేదు.

రాత్రి దీపమార్పబోవుచుండగా వారు నా చేయి పట్టుకొని యాపిరి. చీకటిలో చాలసేపు ప్రయాసపడిరి. నేను నిద్రమత్తులో నుండుటచేత ఏమియు నందింపలేదు. కడకు స్పష్టముగ, రెండక్షరములును పలికిరి: "వేడి."

నాకు నిద్ర ఎగిరిపోయెను. ముందు వేడి చేయుమని వారు చెప్పిరి. నేను వ్రేళ్లు చూచుకొంటిని.

వేడి యేల యన, ఆ యింజను హెడ్డు అల్యూమినియముతో బోతపోసినది, స్టడ్డు ఉక్కు. వేడి తగిలిన రెండును పెరుగును గాని సమముగ బెరుగవు. అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండురెట్లు పెరుగును. కావున హెడ్డు వేడెక్కినప్పుడు రంధ్రము వెడల్పయి, లోపలి మర పట్టు సడలును. స్టీలు డబ్బా మూత బిగుసుకొన్నప్పుడు మనము మూతమీద వేడినీళ్లు పోయుట లేదా? అదియే న్యాయము. అసలీ స్టడ్డులు పట్టివేయుటకును ఆ వేడియే కారణము. ప్రతిదినము ఎర్రగ గాలు గొట్టముప్రక్కన నుండి, కాగుచు చల్లారుచు, ఉప్పుగాలికి దుప్పుపట్టి, ఉక్కును అల్యూమినియమును ఒకదాని నొకటి తినుచు, నడుమ తెల్లని పొడి యేర్పడి సున్నము పెట్టినట్లు బిగిసిపోవును. సముద్రము దగ్గరనున్న ఊళ్లలో ఇది మరియు త్వరగ జరుగును. ముప్పది మూడేండ్ల వేసవులు, వర్షములు ఆ మరలో నుండినవి. నేను దానిని ఒక నిముసములో ద్రిప్పబోయితిని.

మంగళవారమున బజారునుండి యొక మెకానిక్కు వచ్చి చూచెను. "డ్రిల్లు వేసి లాగుతానమ్మా. వస్తే వచ్చింది, లేకపోతే హెడ్డు మార్చాలి. ఇంత పాతబండికి ఎందుకు చెప్పండి" అని పెదవి విరిచెను. అదేవేళకు వచ్చిన మా మరిది, "వదినా, ఆ యినుము తూకానికి అమ్మేసి మంచి స్కూటరు కొనుక్కోండి. అన్నయ్య ఎలాగూ ఎక్కడు కదా" అనెను. అతడు మంచివాడే; మావారు ఆసుపత్రిలోనుండగా పదిరాత్రులు నేలమీద బండుకొన్నవాడు. కాని యా మాట మావారి యెదుట ననవలసినది కాదు. పూనాలోనున్న మా అబ్బాయియు ఫోనులో నదే చెప్పెను. నాకును నిజముగ విసుగు పుట్టియుండెను. "సరే, డ్రిల్లు వెయ్యి బాబూ" అనబోవుచుండగా మావారు ఎడమచేతితో కుర్చీచేతిమీద గొట్టిరి. "వ… వద్దు."

ఆ మాట మాత్రము తడువుకొనకుండ వచ్చినది.

మెకానిక్కు వెళ్లినపిమ్మట నేను వారి ప్రక్కన నేలమీద గూర్చుండి, "ఎందుకు వద్దు? చెప్పండి" అంటిని. చెప్పుటకు వారికి గంటసేపు పట్టినది. నోటితో రాని భాగమును నా లెక్కల పుస్తకము వెనుక అట్టమీద ఎడమచేతితో గీసి చూపిరి. ముప్పది సంవత్సరములు నల్లబల్లమీద వృత్తములు గీసిన మనుష్యుడు. ఇప్పుడా గీత ముసలమ్మ పెట్టిన ముగ్గువలె వణకుచున్నది. అయినను సంగతి తెలిసినది. స్టడ్డు ఆరు మిల్లీమీటర్ల లావు. దాని నడిమధ్యను రంధ్రము పడవలెను. విరిగినచోటు ఎగుడుదిగుడుగ నుండును. డ్రిల్లుముక్కు ఉక్కుమీద నిలువలేక ప్రక్కనున్న మెత్తని అల్యూమినియములోనికి జారును. జారినచో హెడ్డు చెడినట్లే. మధ్యను సరిగ రంధ్రము చేసినను, అందులో ఎడమమర పుల్లను దిగగొట్టి త్రిప్పుట యింకొక గండము. అది గట్టి ఉక్కు, పెళుసు. లోపలనే విరిగినచో దానిని మామూలు డ్రిల్లు తాకనైన తాకదు. బయటికి వడ్లగింజంత ముక్క మిగిలియుండగా దానిని బోగొట్టుకొనరాదు. పట్టుకొనుటకు మనకున్న పిడి అదియొక్కటే. ఇది వారి వాదము.

మరియేమి చేయవలెను? "నా…" యనిరి. నాకు 'నాకు తెలియదు' అని నోటిచివరకు వచ్చినది. పెదవి కరచుకొంటిని. "నా…న…బెట్టు" అనిరి.

ఆ రాత్రినుండి నా పని యది. బండిని నిలువుగ బెట్టి, ప్రతి సాయంకాలము ఇంజనును పది నిముసములు ఆడించి (గొట్టము ఒక నట్టుతోనే వ్రేలాడుచుండుటచే వీధివారందరును చెవులు మూసికొనిరి), ఆపి, ఆ వెచ్చదనమున స్టడ్డు మొదట తుప్పువదల్చు నూనె చుక్కలుగ వేయుట. ఈ నూనెలలో డబ్ల్యు.డి. 40 అనునది పేరుపొందినది. అమెరికాలోని శాన్ డియాగో నగరమున 1953లో క్షిపణులకు తుప్పు పట్టకుండుటకై దానిని చేసిరనియు, నలువదవ ప్రయత్నమున గుదిరినది గావున ఆ సంఖ్య పేరున నిలిచినదనియు మా అబ్బాయి చెప్పెను. ముప్పదితొమ్మిది మారులు తప్పినవారు చేసిన నూనె యని తెలిసినపిమ్మట నాకు దానిమీద గౌరవము గలిగెను.

మావారికి అంతకంటె పాత విద్య యొకటి తెలియును. ఇనుము వేడిగ నున్నప్పుడు కొవ్వొత్తిని దాని మొదటికి దాకించిన, మైనము కరగి సన్నని సందులలోనికి దానంతట అది పీల్చుకొనబడును; చల్లారినను అచ్చటనే యుండి మరను జారనిచ్చును. "కొ… కొవ్వొ…" అని వారు చెప్పుచుండగా, కొబ్బరినూనె గాబోలునని నాకు దోచినది. ఆగుటచే బ్రతికితిమి. ఇంకొక నాడు పటిక సంగతి చెప్పిరి. గడియారములు బాగుచేయువారు ఇత్తడిలో విరిగిన చిన్న ఉక్కుమరను పటికనీటిలో నానవేసి కరగింతురట. ఉక్కు కరగును, ఇత్తడి నిలుచును. మన యిండ్లలో మురికినీటిని దేర్చు పటికకు ఇట్టి గుణము గలదని నేనెన్నడు వినలేదు. అల్యూమినియమును గూడ నది యంతగ దినదు గాని, హెడ్డు నంతయు విప్పి నీట ముంచినగాని పనికిరాదని తామే కొట్టివేసిరి.

ఆ సాయంకాలములను గూర్చి ఇంకొకమాట. వారు చెప్పినది వంటసంగతియైనచో నేను తప్పు విన్నను నష్టమేమి? కాఫీబదులు కాషాయము వచ్చును. ఇచ్చట నట్లు గాదు. ఒక్కమాట తప్పు విన్నందులకు ఏమైనదో యెదుటనే కనబడుచున్నది. కావున ఆగక తప్పినది గాదు. ఆగుట నాకు ఎంత కష్టమైనదో చెప్పిన మీరు నమ్మరు. చేతిలో నూనెడబ్బా పట్టుకొని, వారి పెదవులవంక జూచుచు, గోడగడియారపు ముల్లు వినుచు గూర్చుంటిని. మొదటి దినములలో నా తొందర వారికి దెలిసి మాట మరియు తడబడెడిది. నాలుగవనాటికో అయిదవనాటికో నేను వారి ముఖమువంక జూచుట మాని, బండివంక జూచుట నేర్చుకొంటిని. అప్పుడు మాట సులువుగ వచ్చెడిది. వినెడివారి చూపు గూడ బరువేనని అప్పుడు దెలిసినది.

నడుమ రెండు ప్రయత్నములు చెడినవి. రెండు నట్లు ఒకదానిమీద నొకటి యెక్కించి, ఒకదాని నొకటి బిగించి, క్రిందిదానిని ద్రిప్పుట యొక యుపాయము. అందులకు బయట నాలుగు మరలైన మిగిలియుండవలెను, మాకు చాలలేదు. తరువాత గ్రిప్ ప్లయరు తెప్పించి పట్టితిని. అది జారి, ముక్క అంచును గుండ్రముగ నరుగదీసినది. రెండవమారు పట్టబోవుచుండగా "చాలు" అనిరి. ఇంకను జారిన పిడి గూడ బోవును. నేను మానితిని. చేతిలో బలమున్నప్పుడు మానుట అలవాటు గావలెను, నాకు లేదు.

ఇక మిగిలినది వెల్డింగు. మా వీధిచివర కిటికీలకు ఊచలు చేయు నబ్బాయి యొకడున్నాడు. తొమ్మిదవ తరగతిలో మావారివద్ద లెక్కలు తప్పినవాడే. మరుసటి వారము బుధవారమున ఉదయమే సామానుతో వచ్చి, "మేష్టారూ, నమస్కారం" అని కుర్చీముందు నిలిచెను. మావారి యాజ్ఞప్రకారము ముందుగ పెట్రోలు ట్యాంకు విప్పి పెరటిలో దూరముగ బెట్టితిమి. బ్యాటరీ తీగెలు తీసివేసితిమి. నూనె మరకలు తుడిచి, ఒక బక్కెటతో ఇసుక దెచ్చి ప్రక్కన నుంచితిని. ఈ జాగ్రత్తలలో నొక్కటియు మానరాదు.

పని యిట్టిది. ముక్కకంటె కొంచెము పెద్ద రంధ్రముగల నట్టును దానిమీద దొడిగి, నడిమి ఖాళీలో వెల్డింగు కరగించి నింపుట. ఉక్కుకడ్డీ ఉక్కుతో నదుకును గాని అల్యూమినియముతో నదుకదు. కావున హెడ్డునకు అంతగ భయము లేదు. అదిగాక ఆ నిప్పువేడి సూటిగ స్టడ్డునడుమకే దిగును. మావారు మొదటినుండి కోరిన వేడి అదియే.

మొదటి నట్టు పానా తగులగనే ఊడివచ్చెను. అబ్బాయి ముఖము చిన్నబోయినది. "శు…" అనిరి మావారు.

"శుక్రవారమా సార్? శుక్రవారం మళ్లీ రమ్మంటారా?" అని వాడు సామాను సర్దుకొనబోయెను.

"ఆగు బాబూ" అంటిని.

ఆగితిమి. వీధిలో కూరగాయల బండి వచ్చి, కేకవేసి, వెళ్లిపోయినది.

"శుభ్రం" అనిరి.

నిజమే! ఇన్ని దినములు నేను వేసిన నూనె, మైనము ఆ ముక్కమీద నుండగా వెల్డింగు ఎట్లు పట్టును? ఆకురాయితో ముక్కకొస తెల్లబడువరకు రాచి, పెట్రోలుబట్టతో గాక పొడిగుడ్డతో తుడిచి, రెండవ నట్టును దొడిగితిమి. ఈమారు అబ్బాయి తొందరపడక నిండుగ బోసెను. నట్టు నారింజరంగై, క్రమముగ ఎరుపు, ముదురురంగు, నలుపు అయ్యెను. వెంటనే త్రిప్పబోగా మావారు వ్రేలు చూపి యాపిరి. ఎర్రగనున్నప్పుడు ఇనుము మెత్తన, మరల దెగును. మైనము తాకించుమని సైగ చేసిరి. కొవ్వొత్తి తగిలించగనే పొగ వచ్చి, మైనము మర మొదట మాయమైనది.

పానా తగిలించితిని. చేయి వణకినది. అప్పుడు మావారు కర్ర ప్రక్కన బెట్టి, అబ్బాయి భుజము ఊతగొని పీటమీదికి దిగి కూర్చుండి, తమ యెడమచేతిని నా చేతిమీద వేసిరి. మొదట బిగించువైపునకే కొంచెము నొక్కిరి. అది వింతగ దోచినను నేను వారి చేతిననుసరించితిని. తరువాత విప్పువైపునకు. మరల బిగించువైపునకు. అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి.

"కిర్రు" మన్నది.

అంత మంచిధ్వని నేనెన్నడు వినలేదు. మా అబ్బాయి తొలిసారి యేడ్చినప్పుడు విన్నది వేరు. పావుచుట్టు విప్పి, అరపావు బిగించి, నూనెచుక్క వేసి, మరల పావుచుట్టు. లోపలి పొడి కొంచెము కొంచెముగ రాలుచు వచ్చినది. పదినిముసములకు ముక్క యంతయు నట్టుతోసహా బయటికి వచ్చెను. మరలలో తెల్లని పొడి సున్నమువలె నిండియున్నది. అబ్బాయి ఈలవేసి, మేష్టారి యెదుట ఈలవేసితినని నాలుక కరచుకొనెను.

తక్కినది త్వరగ జరిగినది. ఆరుమిల్లీమీటర్ల ట్యాపును చేతితోనే దింపి హెడ్డులోని మరలను శుభ్రపరచితిమి. హెడ్డు చెక్కు చెదరలేదు. రెండు స్టడ్డులును క్రొత్తవి వేసితిమి. ఒకటి చెడినప్పుడు రెండవదానిని నమ్మరాదని వారి మతము. వేయుటకు ముందు మరలకు రాగిపొడి కలిపిన గ్రీజు రాచితిమి; వేడికి అది కరగిపోదు, ఈసారి విప్పువారికి మేలు చేయును. ఉంగరము పెట్టి, నట్లను ఇటొకటి అటొకటి మార్చి మార్చి, చిన్నపానాతో, మణికట్టు బలమునకు మించకుండ బిగించితిని. మూడవ కిక్కునకు బండి లేచినది. మావారు తలవంచి ముందు గొట్టముకడ చెవి యొగ్గి విని, తల నిలువున నూపిరి. ఆ యూపు నిజమైనదేనా యని నేను వారి ముఖమును జూచితిని. నిజమైనదే.

వెల్డింగు అబ్బాయి డబ్బులు పుచ్చుకొననని మొండికెత్తెను. మామిడికాయ పప్పుతో అన్నము పెట్టి పంపితిని. డబ్బు వాని సంచిలో వేసితిని.

ఆ ముక్క నట్టుతోసహా నా పోపులపెట్టె ప్రక్కన గల చిన్నడబ్బాలో నున్నది. బడి తెరచిన తరువాతి ఆదివారము నేను చారు పోపు పెట్టుచుంటిని. వరండాలోనుండి "చె…" యని వినబడినది. చెప్పులా? చెంబా? చెమట పట్టినదా? చెయ్యి నొప్పియా? నాలుగును నా నోటివరకు వచ్చినవి. గరిట క్రింద బెట్టి, పొయ్యి ఆర్పి, వాకిలికడ నిలువబడితిని.

"చెయిను" అనిరి.

వెళ్లి చూచితిని. బండి చెయిను రెండంగుళములు జారి వ్రేలాడుచున్నది.